బ్లాకుల మూల: ఒకటి, రెండు తరగతుల ప్రాజెక్టు డైరీ

జూలై 8

మా బడిలో ఒకటి, రెండు తరగతులు ఒకే గదిలో కూర్చుంటాయి. పిల్లలు 18 మంది. గది మూలన విరిగిన కుర్చీలు, తలుపు ఊడిన బీరువా ఏళ్లుగా పడి ఉన్నాయి. హెచ్‌ఎం గారిని అడిగి ఇవాళ అవన్నీ తీయించేశాను. ఊడ్చి టేపు వేస్తే 8 అడుగుల పొడవు, 7 అడుగుల వెడల్పు నేల తేలింది. చెక్క బ్లాకుల మూలకి అది చాలు.

ప్లాస్టిక్ బ్లాకులు మా దగ్గర ఒక డబ్బాడు ఉన్నాయి. పిల్లలకి అవంటే ఇష్టమే. కానీ అవి ఒకదాంట్లో ఒకటి బిగుసుకుంటాయి కాబట్టి ఎంత వంకరగా పెట్టినా నిలబడతాయి. చెక్క దిమ్మలకి ఆ బిగింపు ఉండదు. బరువు ఎక్కడ పడుతోందో, దేని మీద ఆనుతోందో చేతికి తెలిస్తేనే గోడ లేస్తుంది. నాకు కావలసింది ఆ తెలియడమే.

హెచ్‌ఎం గారి మొదటి ప్రశ్న, "సిలబస్‌లో ఇది ఎక్కడుందమ్మా?" 2022లో వచ్చిన పునాది దశ జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం తీసి చూపించాను. మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల దాకా పిల్లలందరూ ఒకే దశ అందులో. అంగన్‌వాడీతో పాటు మా రెండు తరగతులూ దాని కిందికే వస్తాయి. ఆటతోనే నేర్పమని స్పష్టంగా ఉంది. ఆయన ఆ పేజీలు ఓపిగ్గా చదివి, "రోజుకి ఎంతసేపు?" అన్నారు. నలభై నిమిషాలు, ఒక్కో విడతకి ఆరుగురు, మిగతావాళ్లు పలకలూ పుస్తకాలూ అన్నాను. సరే అన్నారు.

జూలై 15

కొలతలు ఖాయమయ్యాయి. ఇవాళ ప్రపంచమంతా వాడే యూనిట్ బ్లాకులకి రూపం ఇచ్చింది కరోలిన్ ప్రాట్ అనే టీచర్. 1914లో న్యూయార్క్‌లో చిన్న బడి మొదలుపెట్టింది ఆవిడ. మిగతావన్నీ ఏ బ్లాకు కొలతలోంచి వస్తాయో అది మూల బ్లాకు. దాని పొడవు 5½ అంగుళాలు, వెడల్పు 2¾, మందం 1⅜. అంకెలు చిక్కుగా ఉన్నా లెక్క తేలిక. మందానికి రెట్టింపు వెడల్పు, వెడల్పుకి రెట్టింపు పొడవు. సెంటీమీటర్లలో ఇంచుమించు 14, 7, 3.5. మా వడ్రంగి బాబాయ్‌కి అవే రాసిచ్చాను.

మూల బ్లాకులు 60. దాన్ని మధ్యకి కోసిన సగాలు 30. రెట్టింపు పొడవున్నవి 20, నాలుగు రెట్లున్నవి 8. నిలువునా చీల్చిన స్తంభాలు 24. ఒక కొస నుంచి ఎదురు కొసకి కోసిన ఏటవాలు బ్లాకులు 12. మొత్తం 154.

కర్ర గురించి చాలాసేపు మాట్లాడుకున్నాం. ఏటికొప్పాక మాకు దగ్గరే కాబట్టి అంకుడు కర్ర అడిగాను. బాబాయ్ ఒప్పుకోలేదు. "లక్కబొమ్మకైతే అంకుడు బాగుంటాది, మెత్తన. నీ దిమ్మలు రోజూ కింద పడతాయి కదమ్మా, మూలలు లొట్టలు పోతాయి." మామిడి చెక్క సామిల్లులో చవగ్గా దొరుకుతుంది. చివరికి మామిడే అనుకున్నాం. రంగు మాత్రం వద్దన్నాను. రంగేస్తే ఎర్రది ఎర్రదాని పక్కన పెడతారు. వాళ్లు చూడాల్సింది కొలత.

ఆగస్టు 2

బ్లాకులొచ్చాయి. రెండు గోనె సంచులు, ఆటోలో. గదంతా పచ్చి చెక్క వాసన.

మొదటి రోజు ఎవరూ ఏమీ కట్టలేదు. మోశారు. ఒక్కొక్కరు చేతుల నిండా పట్టుకుని ఈ గోడ దగ్గర నుంచి ఆ గోడ దగ్గరికి, మళ్లీ వెనక్కి. ఒకటో తరగతి అబ్బాయి ఒకడు గడ్డం కింద ఒకటి నొక్కిపట్టి ఏడు మోశాడు. "ఆడండి, కట్టండి" అందామని నోటిదాకా వచ్చి ఆగాను. హ్యారియట్ జాన్సన్ అనే ఆవిడ 1930లలోనే ఇది గమనించి రాసింది, పిల్లలు బ్లాకులతో ముందు చేసే పని మోయడమేనని. ఆ తర్వాత వరసలు, దొంతులు. ఆ పైన వారధి, ఆ పైన నాలుగు వైపులా మూసిన ప్రహరీ. వయసు పెద్దదైనా బ్లాకులు కొత్తయితే మళ్లీ మొదటి నుంచే వస్తారట. మా రెండో తరగతి పిల్లలు కూడా మోశారు.

ఆగస్టు 21

రెండు విషయాలు సర్దాను. మొదటిది చప్పుడు. మా గదికి బండల నేల. పక్క తరగతి మాస్టారు రెండుసార్లు వచ్చి గుమ్మంలో నిలబడి వెళ్లారు, ఏమీ అనలేదు పాపం. ఇంటి నుంచి పాత జంపఖానా తెచ్చి రెండు మడతలు వేశాను. పిల్లలే ఒక నియమం పెట్టుకున్నారు, కూర్చున్నవాడి భుజం ఎత్తు దాటితే లేచి నిలబడి, చుట్టూ ఎవరూ లేరని చూసుకుని పెట్టాలని.

రెండోది అల్మరా. ప్రతి అరలో అక్కడ ఉండాల్సిన బ్లాకు ఆకారం సుద్దతో గీసి, దాని మీద పెయింటుతో దిద్దాను. సర్దడానికి ముందు ఇరవై నిమిషాలు పట్టేది. ఇప్పుడు ఆరేడు నిమిషాలు. సర్దేటప్పుడే ఒక పిల్ల రెండు సగాలు తెచ్చి మూల బ్లాకు బొమ్మ మీద పెట్టి, సరిపోయిందని చప్పట్లు కొట్టింది. సర్దడం కూడా పాఠంలోకే వచ్చేసింది.

నా తప్పు ఒకటి ఇక్కడ రాసుకోవాలి. నిన్న ఒక అబ్బాయి దగ్గర కూర్చుని, "ఇల్లు కట్టావా నాన్నా?" అన్నాను. తలూపాడు. తర్వాత పక్కవాడితో అంటుంటే విన్నాను, అది చెరువు తూమట. నీళ్లు ఎటు పోతాయో కూడా చెబుతున్నాడు. నేను ఇల్లు అన్నాక ఇక చెప్పలేకపోయాడు. ఇక నుంచి పేరు నేను పెట్టను. "ఇది ఎలా నిలబడిందో చెప్తావా?" అని మాత్రం అడుగుతాను.

సెప్టెంబరు 11

ఈ రోజు సంగతి వివరంగా రాయాలి.

రెండో తరగతిలో ఒక అమ్మాయి ఉంది. చాలా నెమ్మది, చాలా పట్టుదల. నెల రోజులుగా ఒకే రకం గోడ కడుతోంది. కింద ఒక బ్లాకు పొడుగ్గా పెడుతుంది. దాని మీద రెండు బ్లాకులు అడ్డంగా, పక్కపక్కన. మళ్లీ పొడుగ్గా ఒకటి. రెండు వెడల్పులు ఒక పొడవుకి సమానం అని తనకు తానే కనిపెట్టుకుంది. మొదట్లో గోడ అంచులు అరచేత్తో నిమిరి చూసుకునేది, నున్నగా ఉందా లేదా అని.

ఇవాళ గోడ రాలేదు. రెండు అడ్డం బ్లాకులు పెట్టాక ఒక చివర కింది బ్లాకు బయటికి కనబడుతోంది. అటు జరిపితే ఇటు ఖాళీ. మధ్యలో సందు వదిలి రెండు చివర్లూ సరిచేస్తే, ఆ సందులోకి వేలు పెట్టి చూసి తల అడ్డంగా ఊపింది. మూడుసార్లు మొత్తం విప్పి మళ్లీ పేర్చింది. చివరికి నా దగ్గరికి వచ్చి, "నాకు సరిగ్గా పెట్టడం రావట్లేదు టీచర్" అంది.

స్కేలు తీసి కొలిచాను. పొడవు సరిగ్గా 14. వెడల్పు 6.8. రెండు కలిపితే 13.6. నాలుగు మిల్లీమీటర్లు తక్కువ. ఇంకొన్నిటికి 6.7, కొన్నిటికి 6.9. సగాల పొడవు 7, వెడల్పు 6.8, అంటే చదరం కాదు. పిల్ల లెక్క తప్పలేదు. బ్లాకు తప్పింది.

నాకు చాలా బాధేసింది. మూడుసార్లు విప్పినప్పుడల్లా ఆ పిల్ల తన చేతులనే అనుమానించింది. ఆమె పక్కన కూర్చుని స్కేలు ఆమె చేతికే ఇచ్చాను. సున్నా దగ్గర అంచు పెట్టడం చూపించాను. ఒకటి కొలిచింది, రెండోది కొలిచింది. ఐదోదానికి మొహం విప్పారింది. "ఇవి చిన్నవైపోయాయి టీచర్!"

సెప్టెంబరు 14

నాలుగు బ్లాకులు సంచిలో వేసుకుని బాబాయ్ దగ్గరికి వెళ్లాను. ఆయన ఒకదాన్ని తిప్పి, చివర ఉన్న వలయాలు చూసి, వేలితో నొక్కి చెప్పాడు. "పచ్చి కర్ర అమ్మా. నువ్వు తొందరగా కావాలన్నావు, నేనూ ఆరబెట్టకుండా కోసీసేను. కర్ర ఆరితే అడ్డంగా ముడుచుకుంటాది, పొడుగున ముడుచుకోదు. దుంగలోంచి ఎటేపు చీల్చేమో దాన్ని బట్టి ఒక్కో ముక్క ఒక్కోలాగ తగ్గుద్ది."

తొందర నాదే. జూన్‌లో చెప్పాల్సింది జూలైలో చెప్పి, ఆగస్టుకి కావాలన్నాను.

నాలుగు మిల్లీమీటర్లకి ఇంత గొడవేమిటని ఇంట్లో అన్నారు. కిటికీ చట్రానికైతే పుట్టీ పెట్టి సర్దేయొచ్చు. ఇక్కడ సర్దడం కుదరదు. కిండర్‌గార్టెన్ అనే మాటనిచ్చిన ఫ్రోబెల్ తన మూడో కానుకలో (పిల్లల కోసం తయారుచేసిన ఆటవస్తువుల్ని ఆయన కానుకలనేవాడు) రెండంగుళాల ఘనాన్ని సరిగ్గా ఎనిమిది అంగుళం ఘనాలుగా కోయించాడు. విడదీస్తే ఎనిమిది, కలిపితే మళ్లీ ఒకటి. ఆ కలవడం సరిగ్గా ఉంటేనే పిల్లకి భాగానికీ మొత్తానికీ ఉన్న సంబంధం కంటికి కనబడుతుంది. ఆరేళ్ల పిల్ల నోటితో 'సగం' అనకముందే చేతులతో సగాన్ని పట్టుకుంటుంది. ఆ చేతికి దొరికే వస్తువు రోజుకో మాట చెబితే పిల్ల దేన్ని నమ్మాలి? మెరుపు లేకపోయినా పరవాలేదు, నునుపు తగ్గినా పరవాలేదు. కొలత ఒక్కటి తప్పకూడదు. ఇంకో బడిలో ఎవరైనా ఈ పని మొదలుపెడితే నేను చెప్పే మొదటి మాట ఇదే.

బాబాయ్ ఒక దారి చెప్పాడు. పక్క ఊళ్లో ఒక పెంకుటిల్లు కొట్టేస్తున్నారు. దాని దూలాలు, వాసాలు టేకువి. ఎన్నో ఏళ్లు కప్పు కింద ఆరిన కర్ర.

అక్టోబరు 18

దసరా సెలవుల తర్వాత కొత్త బ్లాకులు. పాత వాసాల్లోంచి మేకులు పీకడానికే బాబాయ్‌కి రెండు రోజులు పట్టిందట. ఒక మేకు కనబడక రంపం పళ్లు పోయాయి. చిత్రిక పట్టాక లోపలి టేకు తేనె రంగులో బయటపడింది. కొన్నిటి మీద మేకు చిల్లులు అలాగే ఉన్నాయి. అంచులు ఉప్పుకాగితంతో గుచ్చుకోనంత మాత్రమే రుద్దమన్నాను. గుండ్రంగా అరిగితే పేర్చినవి జారతాయి.

తనిఖీ పిల్లలదే. సరైనదని నేను కొలిచి చూసిన బ్లాకు ఒకటి మధ్యలో పెట్టాను. ఒక్కో బ్లాకునీ దాని పక్కన ఆనించి, కళ్లు మూసుకుని అతుకు మీద చూపుడువేలు జరపాలి. మెట్టు తగిలితే పక్కన పెట్టాలి. రెండు రోజులు పట్టింది. 154లో 11 తిప్పి పంపారు. బాబాయ్ కోప్పడతాడేమోనని టెన్షన్ పడ్డాను. ఆ పదకొండూ తన మూలమట్టంతో చూసుకుని, "తొమ్మిది నిజమేనమ్మా, రెండు బానే ఉన్నాయి" అని ఆ తొమ్మిదీ మళ్లీ చేసిచ్చాడు.

నెమ్మదైన అమ్మాయి గోడ ఈ రోజు పదకొండు వరసలు లేచింది. అరచేత్తో నిమిరింది.

నవంబరు 13

తాపీమేస్త్రి గారి అబ్బాయి ఒకటో తరగతి. అక్షరాల దగ్గర వెనకే. పలక ఇస్తే కిటికీలోంచి చూస్తాడు. ఇవాళ నలుగురు కలిసి ఆర్టీసీ కాంప్లెక్స్ కడుతున్నారు. గోడ మూడు సార్లు మధ్యకి చీలి పడింది. అప్పటిదాకా ఊరికే చూస్తున్నవాడు వచ్చి, "సందు మీద సందు రాకూడదు, మా నాన్న రానివ్వడు" అన్నాడు. రెండో వరస మొత్తం తీసేసి, మొదట ఒక సగం పెట్టి, దాని పక్కన నిండు బ్లాకులు పేర్చాడు. కింది రెండు బ్లాకుల అతుకు మీద పై బ్లాకు మధ్య భాగం కూర్చుంది. గోడని వేలితో తోశారు. పడలేదు.

"ఇది అర ఇటుక" అని సగాన్ని చూపించాడు. అప్పటి నుంచి మా గదిలో అందరూ దాన్ని అర ఇటుక అనే అంటున్నారు.

మాటలు రాసి పెట్టే చార్టు ఒకటి గోడకి కట్టాను. పిల్లల నోట వచ్చినవే రాస్తున్నాను: నిలువు, అడ్డం, ఏటవాలు, బోర్లా, పడుకోబెట్టు, ఆనించు, సందు, అంచు, అతుకు, గడప, దూలం, కప్పు. పాఠ్యపుస్తకంలో ఉన్నవాటికన్నా లేనివే ఎక్కువ. ఆ అబ్బాయి చార్టు మీద 'సందు' అనే మాట దగ్గర వేలు పెట్టి చూపించగలుగుతున్నాడు. 'స'కి సున్న పెడితే 'సం' అవుతుందని ఇవాళ నాకు చెప్పాడు.

డిసెంబరు 6

తల్లిదండ్రుల సమావేశం. ఒక నాయనమ్మ గట్టిగానే అడిగింది. "గుంటలు ఆడుకోడానికేనా బడికొచ్చేది?" న్యాయమైన ప్రశ్న. తన మనవడు కూలి పనికి పోకుండా చదువుకోవాలని ఆమె ఆరాటం. ఉపన్యాసం చెప్పాలనిపించలేదు. "మామ్మా, ఈ రెట్టింపు బ్లాకు ఎత్తుకి అన్నీ అర ఇటుకలే పేర్చాలంటే ఎన్ని కావాలి?" అని అడిగాను. బ్లాకుని నిలబెట్టి ఇచ్చాను. ఎత్తు 28. ఆమె కూర్చుని పేర్చసాగింది. పడుకోబెట్టి పేరిస్తే ఒక్కోటి 3.5. మనవడు పక్కన నిలబడి, "ఎనిమిది మామ్మా, నిలబెడితే నాలుగే" అన్నాడు. ఆమె పేర్చి ఎనిమిదీ లెక్కపెట్టింది. నిలబెట్టి నాలుగూ లెక్కపెట్టింది. ఇంకేమీ అడగలేదు, కానీ సమావేశం అయ్యాక కూడా మనవడితో కాసేపు అక్కడే కూర్చుంది.

రికార్డు కోసం వారానికి ఒక్కో పిల్లకి ఒక ఫోటో, కింద రెండు వాక్యాలు రాస్తున్నాను. రెండో తరగతి వాళ్లు కట్టింది చూసి బొమ్మ గీసి, తామే ఒక వాక్యం రాస్తున్నారు. పై నుంచి చూస్తే ఎలా ఉంటుందో గీయమంటే కుర్చీ ఎక్కి గీశారు. కూడికలు, తీసివేతలకి దీన్ని వాడటం నాకింకా సరిగ్గా కుదరలేదు. బ్లాకులతో లెక్కలు చేయించబోతే ఆట ఆగిపోతోంది. లెక్కని ఆటలోనే పట్టుకుని, మర్నాడు నల్లబల్ల మీద "నిన్న మీరు చేసింది ఇదే" అని రాస్తే మాత్రం ఎక్కుతోంది.

జనవరి 22

సంక్రాంతి తర్వాత కొత్త పిల్ల చేరింది. తల్లిదండ్రులు ఒడిశా నుంచి ఇటుక బట్టీ పనికి వచ్చారు. ఆరేళ్లుంటాయి. తెలుగు రాదు. నాకు ఒడియా నాలుగైదు మాటలే వచ్చు. మూడు రోజులు గోడకి ఆనుకుని కూర్చుంది, పలక ముట్టలేదు.

ఇవాళ బ్లాకుల మూలకి వచ్చింది. మూల బ్లాకులు మాత్రమే తీసుకుంది. ఒక్కోదాన్నీ అంచు మీద నిలబెట్టి, పక్కదానికి వేలెడు సందు వదిలి, మళ్లీ ఒకటి. బారుగా పన్నెండు. వాటి మీద రెండో వరస కొంచెం ఏటవాలుగా, మళ్లీ సందులు వదిలి. చేతులు ఎంత వేగంగా పోతున్నాయంటే మిగతా ఐదుగురూ తమ పని ఆపేశారు. తాపీమేస్త్రి గారి అబ్బాయి సాయం చేద్దామని ఒక సందులో బ్లాకు దూర్చబోయాడు. ఆ పిల్ల అతని చెయ్యి పట్టుకుని ఆపింది. తర్వాత సందు దగ్గర నోరు పెట్టి ఉఫ్ అని ఊదింది. అవతలి వైపు ఉన్న పిల్ల జుట్టు కదిలింది.

"గాలి!" అన్నారు ఎవరో.

"గాలి" అంది ఆ పిల్ల. మా గదిలో ఆమె నోట నేను విన్న మొదటి తెలుగు మాట.

పచ్చి ఇటుకల్ని బట్టీ కాల్చేముందు ఆరబెట్టే పద్ధతి అది. సందులు వదలకపోతే లోపలి ఇటుకలకి గాలి తగలదు, తడి పోదు. అది ఆ పిల్లకి ఎవరూ పాఠంగా చెప్పి ఉండరు. అమ్మానాన్నల పక్కన చూసి చూసి చేతికి వచ్చింది. మా పిల్లలు మధ్యాహ్నం వరకు సందుల్లోంచి ఊదుతూనే ఉన్నారు. ఎంత సందు ఉంటే జుట్టు కదులుతుందో, ఎంత తగ్గిస్తే కదలదో చూసుకున్నారు. నేను ఫోటో తీసి, కింద ఈసారి ఒక్క మాటే రాశాను.

ఫిబ్రవరి 15

అంగన్‌వాడీ టీచర్ తమకీ ఒక సెట్టు కావాలన్నారు. ఈసారి జూన్‌కి, తొందర లేకుండా. టేకు దొరకలేదు. వేప చెక్క తీసుకున్నాం, కొంచెం పచ్చిదే. బాబాయ్ పలకలుగా కోసి బడి వరండాలో దింపాడు. మే చివరి దాకా ఆరాలి. పలక మీద పలక వేయకుండా మధ్యలో సన్న బద్దలు పెట్టి పేర్చాలని చెబుతుంటే ఒడిశా పిల్ల వచ్చి చూసింది. బద్దలు తనే అందుకుని, సమాన దూరంలో పరిచింది. తాపీమేస్త్రి గారి అబ్బాయి పై వరస బద్దలు కింది బద్దల మీదే రావాలా, పక్కకి జరగాలా అని బాబాయ్‌ని అడిగాడు. "మీదే రావాలి బాబూ, లేకపోతే పలక వంగుద్ది" అన్నాడు బాబాయ్. గోడకి సందు మీద సందు రాకూడదు, ఆరబెట్టేటప్పుడు బద్ద మీద బద్ద రావాలి. వాడు ఆ రెండూ రెండుసార్లు పైకి అనుకున్నాడు.

నెమ్మదైన అమ్మాయి పై పలక వెడల్పు కొలిచి, సుద్దతో దాని మీదే రాసింది: 21 సెం.మీ., ఫిబ్రవరి 15. పదిహేను రోజులకోసారి అక్కడే కొలుస్తుందట. మార్చి 1కి నా క్యాలెండర్ మీద గుర్తు పెట్టుకున్నాను.